సముద్రవర్ణనమును సముద్రతీరవాసుల పలుకుబడియు

మహాకావ్యమున నగరము, సముద్రము, పర్వతము, ఋతువులు మున్నగువానిని వర్ణింపవలయునని దండి కావ్యాదర్శమున విధించిన పిమ్మట సంస్కృతకవులును, వారి ననుసరించి తెలుఁగుకవులును సముద్రవర్ణనమును విడిచిన తావులు తక్కువ. నన్నయభట్టు ఆదిపర్వమునఁ గద్రూవినతల వృత్తాంతమును బురస్కరించుకొని సముద్రమును వర్ణించెను. తరువాతి ప్రబంధకవులు విధిగా వర్ణించిరి. ఆ పద్యములను వరుసగాఁ జదువువారి కొక విషయము తోఁపక మానదు. ఆ సముద్రమున బడబాగ్ని కలదు. ఇంద్రునికి వెఱచి దాఁగిన మైనాకము గలదు. అగస్త్యుని పుడిసిలిలో నడఁగిన పరాభవము గలదు. మకరములు, ముత్తియములు, పగడములు రాసులుగాఁ గలవు. కాని దాని యొడ్డున గుడిసె కానరాదు. పడవ నీడ్చువాఁడు, వల యల్లువాఁడు, ఉప్పు పండించువాఁడు కనఁబడుట మిక్కిలి యరుదు. సముద్రము చూచుటకే కాని దాని ప్రక్కను బ్రతుకుటకుఁ గాదన్నట్లు తోఁచును.

ఇది కవుల దోషమని నిరూపింప నేను బూనుకొనుటలేదు. కవిసమయమునకుఁ దన మర్యాద తనకుఁ గలదు. నా ప్రశ్న మఱియొకటి. ఇచ్ఛాపురము మొదలు తడవఱకుఁ దెలుఁగునేలకు సముద్రమే తూర్పు టెల్ల. ఆ యొడ్డున వేఁడిమియుఁ జెమ్మయు నుప్పును గాలియుఁ గలిసిన బ్రతుకును దరతరములుగా నడపుచున్నవారు తమకుఁ గావలసిన యెఱుకను మాటలలో దాఁచికొన్నారు. ఆ మాటలను మన లాక్షణికులు గ్రామ్యములనిరి. నిఘంటుకారులు చేర్చినప్పుడును “మత్స్యవిశేషము”, “వృక్షవిశేషము”, “ఒకానొక పడవ” యను రీతిని వ్రాసి పెక్కుచోట్ల ముగించిరి. విశేషమని వ్రాసి యా విశేషమేదియో చెప్పకుండుట మన కోశములయం దొక యాచారమయినది. ఇందువలన మొదట నష్టపడినవారము మనమే; తీరవాసికిఁ దన మాట తెలియును గదా. ఇటీవల నా నష్టము వానికిని సోఁకుచున్నది. అది యెట్లో ముందు జెప్పెదను.

వైయాకరణులకు ఈ విషయమునఁ దగిన కథ మహాభాష్యముననే కలదు. ఒక వైయాకరణుఁడు రథమును జూచి, దీని ప్రవేత యెవ్వఁడని యడుగును. సూతుఁడు తాను ప్రాజితనని ప్రత్యుత్తర మిచ్చును. అది యపశబ్దమని పండితుఁ డాక్షేపింపఁగా, అయ్యవారికి సూత్రమువలనఁ బ్రాప్తించునది తెలియును గాని లోకమున కిష్టమైనది తెలియదని సూతుఁడు బదులు చెప్పును. పతంజలి యీ కథను సూతుని పక్షముననే నడపినాఁడు. రథమును గూర్చిన మాటయందు రథము తోలువాఁడే ప్రమాణమని దీని తాత్పర్యము. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున గ్రామ్యమును నిషేధించియు, ఆర్యుల వ్యవహారమునఁ గనఁబడుదానికి సడలింపు నిచ్చెను. ఆ సడలింపును మనవారు పండితుల యిండ్లలోని మాటలకే చెల్లించిరి. తెప్ప విషయమున ఆర్యుఁ డెవ్వఁడని యడిగినవారు లేరు. నా మతమున నతఁడు జాలరి.

ముందుగాఁ బోటును బరిశీలింతము. చంద్రోదయమున సముద్రము పొంగునని కవుల మాట. కుమారునిఁ గన్న తండ్రి యుప్పొంగినట్లనెడి యుత్ప్రేక్షలు కుప్పలుగాఁ గలవు. ఈ మాటలో సగమే నిజము. పూర్ణిమనాఁడు పెద్దపోటు వచ్చుట సత్యమే. అమావాస్యనాఁడును బెద్దపోటే వచ్చును. సూర్యచంద్రు లిరువురు నొక్క వరుసను నిలిచి నీటి నాకర్షించుటయే దీనికిఁ గారణము. ఆ వరుస రెండు పర్వములందును గలదు. చంద్రుఁడు కానరాని రాత్రి సముద్రము పొంగుట కవిసమయమునకు సరిపడదు గనుక దానిని విడిచిరి. తీరగ్రామపు బడిలోఁ జంద్రోదయ పద్యమునకు నేనర్థము చెప్పుచుండఁగా నొక జాలరిపిల్లవాఁడు లేచి, “అమాసకు కూడా పెద్దపోటే కదండీ?” యని యడిగినాఁడు. ఆ ప్రశ్నకుఁ గావ్యములలో సమాధానము దొరకదు. పురాణమున దొరకును, విష్ణుపురాణము ద్వితీయాంశమున శుక్లకృష్ణపక్షములు రెంటను సముద్రజలమునకు వృద్ధిక్షయములు చెప్పఁబడినవి. పురాణమును గథలకై తఱచుగా దోఁచుకొన్న కవులు ఈ యొక్క సంగతిని మాత్రము ముట్టలేదు.

పోటునకుఁ బ్రతియోగి పాటు. పోటునకుఁ బోటునకు నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు జరుగును. కాఁబట్టి నేఁటి పోటు రేపు సుమారు 50 నిమిషము లాలస్యముగా వచ్చును. జాలరి గడియారముతో దీనిని లెక్కింపఁడు, తిథితో లెక్కించును. పంచాంగమును మనము ముహూర్తమునకుఁ జూతుము; అతఁడు నీటికై చంద్రునే పంచాంగముగాఁ జూచును. ఏటి మొగలోనికిఁ బడవ యెప్పుడు దూఱవచ్చును, ఉప్పుమళ్లకు నీరెప్పుడు పెట్టవచ్చును, మడచెట్ల నడుమనున్న కాలువలలో వల యెప్పుడు గట్టి యెప్పుడు తీయవలయును అనునవన్నియుఁ బోటుపాటులపై నాధారపడినవి. విశాఖరేవున పర్వదినములందుఁ గూడ నీటి హెచ్చుతగ్గు ఒకటిన్నర మీటరు దరిదాపుననే యుండును. ఇది చూపఱకు స్వల్పము. ఇసుకమేట వేసిన మొగ యొద్ద నా యొకటిన్నర మీటరే పడవకు దారి. నిఘంటువులలో “పోటు” చూచితిమేని శస్త్రముతోఁ బొడుచుట, నొప్పి మున్నగు నర్థముల నడుమ సముద్రపు పొంగును గనఁబడును. అది దినమునకు రెండు మాఱులు వచ్చుననియు, రెండు పర్వములందును హెచ్చుననియుఁ జెప్పినచో రెండు పంక్తులు పెరుగును. అంతకుమించి వ్యయము లేదు.

గ్రీష్మవర్ణనము మఱింత విచారింపఁదగినది. మన కావ్యములలో వేసవి యనఁగా నెండిన చెఱువులు, బీటలు వాఱిన నేల, ఎండమావులు, దావాగ్ని, నాలుకలు వెళ్లఁబెట్టిన మృగములు. ఇది సంస్కృతకవులు చూచిన మధ్యదేశపు వేసవి. మన లోపలి సీమలకు నిది కొంత చెల్లును. పలనాటిలోని రెంటచింతలయందు 45 డిగ్రీలు దాఁటు దినములు గలవు. విశాఖలో వేసవిని సాధారణముగా 35 డిగ్రీల దరిదాపుననే యుండును. అంకెను జూచి తీరము చల్లనిదని భ్రమపడినవాఁడు అచ్చట నొక మధ్యాహ్నము గడపినచోఁ దెలిసికొనును. తీరపు వేసవి యెండ కాదు, ఉక్క.

తెలుఁగున ఎండ, వడ, ఉక్క యని మూఁడు మాటలు గలవు. ఇవి పర్యాయపదములు కావు. ఎండ సూర్యునినుండి నేరుగా వచ్చునది. వడ వేఁడిగాలివలనఁ దగులునది. ఉక్క గాలిలోని చెమ్మవలన చెమట యాఱకుండుట. శరీరము చెమట నాఱఁబెట్టుకొని చల్లఁబడును; గాలి యిదివఱకే నీటితో నిండియున్నచోఁ జెమట కాఱును గాని యాఱదు. కాఁబట్టి 35 డిగ్రీల ఉక్క 42 డిగ్రీల పొడియెండకంటె దుర్భరమగుట కలదు. శాస్త్రజ్ఞులు నేఁడు తడిగుడ్డ చుట్టిన యుష్ణమాపకముతోఁ గొలుచున దీ యుక్కనే. ఆ కొలఁత 35 డిగ్రీలకుఁ జేరినచో నీడ నూరక కూర్చున్న యారోగ్యవంతుఁడును బహుకాలము బ్రతుకఁజాలఁడని వారి సిద్ధాంతము. మూఁడు దుఃఖములకు మూఁడు పేళ్లు పెట్టిన జనులు దీని భేదమును కొలఁతకు ముందే యెఱిఁగియుండిరి. కవులు ఉక్క యను మాటను బొత్తిగా వాడలేదని నే ననను. ఋతువర్ణనమున దానికి స్థానము దొరకలేదని మాత్రమందును.

తీరమునకు వేసవిలోఁ బ్రాణము సముద్రపుగాలి. పగలు నేల త్వరగా వేఁడెక్కును, సముద్రము మెల్లఁగా వేఁడెక్కును. ప్రొద్దెక్కిన కొలఁది గాలి సముద్రమునుండి నేలమీఁదికి వీచును. రాత్రి యీ క్రమము తలక్రిందగును. తెఱచాపలనాఁటి జాలరులు వేకువకు ముందే నేలగాలితో లోనికిఁ బోయి, మధ్యాహ్నపు సముద్రపుగాలితో నొడ్డు చేరుచుండిరి. సాయంకాలమున వీచు పైరగాలికి దక్షిణపుగాలియని యర్థము చెప్పుదురు. దక్షిణపుగాలి యనఁగానే మన చిత్తము మలయపర్వతమునకుఁ బరుగెత్తి చందనవృక్షములఁ గౌఁగిలించికొనును. తీరమునఁ జేరిన పైరగాలికిఁ జందనపు వాసన లేదు, ఉప్పువాసన గలదు. అయినను దానికై కాచుకొని యరుగులమీఁదఁ గూర్చుండువా రెందఱో. పడమటిగాలి బలిసి యీ గాలిని రానీయని దినములే తీరమున మృత్యుదినములు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశమున వేయిమందికిఁ బైగా వడదెబ్బవలనఁ జనిపోయిరి. తీరపు టుక్కమీఁద లోపలిసీమ వడ వచ్చి పడినపు డేమగునో యా నెల చూపినది. ఈ రెండు మాటల భేదము తెలిసినవానికే యీ వాక్యము తెలియును.

ఈ సందర్భమున నొక కావ్యమును బ్రశంసింపవలసియున్నది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుఁ డతిథులకు వానకాలమున నేమి పెట్టెనో, చలికాలమున నేమి పెట్టెనో, వేసవి నేమి పెట్టెనో వేర్వేఱుగాఁ జెప్పెను. వేసవి భోజనమున నులివెచ్చని యన్నము, పలుచని యంబలి, చెఱకురసము, ఎడనీళ్లు, ఊరిన మామిడిపిందెలు, నీరుమజ్జిగ మున్నగునవి కలవు. ఇందు వ్యర్థమైన దొక్కటియు లేదు. చెమటతోఁ బోయిన నీటిని, ఉప్పును మఱల నిచ్చునవే యన్నియు. ఈ కావ్యమునకుఁ బ్రేరణ కలిగినది కళింగదండయాత్రలో కృష్ణాతీరపు శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణుని సన్నిధియందని కవియే చెప్పెను. ఆ యూరు సముద్రమునకు దవ్వు కాదు. తీరపు టుక్క నతఁ డచ్చటనే యెఱిఁగెనని నేను వాదింపను; రాజై యుండియు వంటయింటిలోనికిఁ దొంగిచూచిన కవి యతఁడని మాత్రము చెప్పవచ్చును. ఉత్తరతీరమునఁ బేదలు త్రాగు తరవాణియు నీ కోవలోనిదే. గంజినీటిని కుండలోఁ బులియఁబెట్టి, దినదినమును గొంత తీసి కొంత పోసి, చద్దియన్నముతో నుప్పు చేర్చికొని వేకువనే సేవింతురు. పులిసిన గంజియని కోశమున వ్రాసిన నది యర్థమే. ఎప్పుడు, ఎందులకు, ఎవరు త్రాగుదురో చెప్పనిచో నర్థములో సగము.

ఇండ్లను గూర్చి కొంచెమే చెప్పెదను. శ్రీకాకుళము మొదలు గోదావరివఱకుఁ దీరమునఁ జుట్టిండ్లు విరివిగా నుండెడివి. గుండ్రని మట్టిగోడలు, కోసుగా లేచిన తాటాకుకప్పు, నేలను దాఁకునంతగా దిగిన చూరు. గుండ్రని గోడకు మూల లేదు గనుక గాలి పట్టు దొరకక జాఱిపోవును. దిగిన చూరు వానజల్లును మధ్యాహ్నపు టెండను గోడకుఁ దాఁకనీయదు. వర్తులాకారగృహమని యర్థము వ్రాసినవాఁడు ఆకారము చెప్పెను, హేతువు చెప్పలేదు. పండితులలోఁ గొంద ఱీ యిండ్లను బొగడునపుడు హద్దు మీఱుచున్నారు. చుట్టిల్లు గాలి కోర్చును గాని నీటి కోర్వదు. నీరు వచ్చునాఁడు ఉడుకెత్తు కాంక్రీటు మేడయే శరణ్యము.

పడవలయం దొక చిత్రమున్నది. భోజునకు నారోపింపఁబడిన యుక్తికల్పతరువున సముద్రమునఁ బోవు నావలకు ఇనుమును వాడఁగూడదని విధి గలదు. కారణము: సముద్రమున నయస్కాంతశిల లుండి నావను లాగికొనునఁట! మన తూర్పుతీరమునఁ బలకలను మేకులు లేక కొబ్బరినారతోఁ గుట్టిన పడవ లుండెడివి. అవి మాసులా యను పేర విదేశీయుల వ్రాఁతలకెక్కినవి. చెన్నపట్టణమునకు రేవు గట్టకముందు ఓడలనుండి మనుష్యులను, సరకును ఆ కెరటములలో నొడ్డునకుఁ జేర్చిన వవియే. వానిని కుట్టినవారి కయస్కాంతశిలతోఁ బని లేదు. ఇసుకయొడ్డున విఱుగు కెరటము పడవ నెత్తి నేలకుఁ గొట్టును. మేకులు దిగిన పలక బిగిసియుండి పగులును. కుట్టిన పలక కొంచెము వంగి దెబ్బను సైఁచును. విధి సరియైనదే, హేతువు పుస్తకమున నొకటి, ఒడ్డున నొకటి. తెప్ప విషయమును నిట్టిదే. నాలుగైదు తేలికదుంగలను త్రాళ్లతోఁ గట్టినది తెప్ప. నీరు దుంగల సందున వచ్చి సందుననే పోవును గనుక మునుఁగుటకు దానికి లోపలి భాగమే లేదు. ఒడ్డుచేరిన పిమ్మటఁ గట్లు విప్పి దుంగల నాఱఁబెట్టుదురు. నేఁడు దుంగల తెప్పలు కొఱఁతపడినవి. యంత్రము దగిల్చిన ఫైబరుపడవ వచ్చినది. అయినను జాలరులు దానిని ఫైబరుతెప్ప యనుచున్నారు. వస్తువు మాఱినను బేరు నిలిచినది. ఇట్టిచోట రెండర్థములను, వాని కాలములను వ్రాయకున్నఁ దరువాతివాఁడు పూర్వగ్రంథములోని తెప్పను ఫైబరుతోఁ జేసినదిగాఁ దలంపఁగలఁడు.

తీరవాసుల మాటలలో నాకు మిక్కిలి హృద్యమైనది వేట. మన కావ్యమున వేట రాజులది. గుఱ్ఱములు, కుక్కలు, వలకాండ్రు, వరాహములు. జాలరికి సముద్రముపైఁ బోవుటయే వేట. “వేటకుఁ బోయినాఁడు” అన్నచోఁ జేఁపలకై పోయెనని యర్థము. చేఁప యనుట యక్కఱలేదు. 2015 నుండి యీ తీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు యంత్రపుఁ బడవలకు వేట నిషేధము. ఆ మాట ప్రభుత్వపు కాగితములకును ఎక్కినది. చేఁపల పేళ్లయందలి సూక్ష్మత మఱియు వింత. ఒకే చేఁప సముద్రమున నున్నపుడు విలస. వానకాలమున గోదావరి యెఱ్ఱనీటి కెదురీఁది పైకి వచ్చినపుడు పులస. ఎదురీఁదుటచే దాని మాంసమునకు రుచి హెచ్చునందురు, వెల యంతకంటె హెచ్చును. వైయాకరణుఁడు వీనిని బర్యాయములనును. జాలరి యొప్పుకొనఁడు. వస్తు వొక్కటే యైనను అవస్థాభేదముచేఁ బ్రవృత్తినిమిత్తము భిన్నము గనుక జాలరియే శాస్త్రసమ్మతముగాఁ బలికినాఁడు. ఇట్టిదానిని మత్స్యవిశేషమని వ్రాసి యూరకుండుట శాస్త్రజ్ఞునకుఁ దగదు.

మన పూర్వులెల్లరు సముద్రముపట్ల నిట్లే యుండిరని చెప్పుట యన్యాయము. శ్రీనాథుఁడు హరవిలాసపీఠికలో అవచి తిప్పయసెట్టి తరుణాసీరినుండియు, సింహళమునుండియు, హురుముంజినుండియు, చీనమునుండియు తెప్పించు సరకులను బేరుపేరునఁ జెప్పెను. ఆ పద్యములలో రేవువాసన గలదు. అంతకుముందే 1244లోఁ గాకతి గణపతిదేవుఁడు మోటుపల్లియందు వేయించిన యభయశాసనము గలదు. గాలివానకుఁ బగిలి యొడ్డునఁ బడిన యోడలలోని సర్వస్వమును పూర్వరాజులు హరించుచుండిరనియు, తాను నియతమైన శుల్కము దప్ప మఱేమియుఁ గొననని యభయ మిచ్చెననియు దాని సారము. సముద్రము మనుష్యున కేమి సేయునో, మనుష్యుఁడు దానికై యేమి చేయవలయునో యెఱిఁగి వ్రాసిన వాక్యము లవి. సముద్రవర్ణనములతోపాటు ఆ శాసనమును విద్యార్థులకుఁ జెప్పవలయునని నా యభిప్రాయము.

ఇఁక నిఘంటువుల మాట. సీ. పీ. బ్రౌను 1852లోఁ బ్రకటించిన కోశమున వ్యవహారపదములకుఁ జోటు దొరకెను. పండితులు దానిని నాఁడు గేలిచేసినను నేఁడు దానినే తిరుగవేయుచున్నారు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడెను. కావ్యపాఠకులకు దానివంటి సహాయము మఱొకటి లేదు. 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు సూర్యరాయాంధ్రనిఘంటువును దలపెట్టి 1936లో మొదటి సంపుటమును వెలువరించెను. అది మహాకార్యము, దానికి వెచ్చించిన శ్రమకు నమస్కారము. కాని యది ప్రధానముగాఁ గావ్యప్రయోగములను ఆధారముగాఁ గొన్నది. పరిషత్తు నెలకొన్న కాకినాడ రేవుపట్టణము. ప్రయోగములకై తాటాకుప్రతులు వందలుగా వెదకిన పండితులు ఆ తాటాకుతోఁ గప్పిన గుడిసెలలోనికి మాటలకై పోలేదు. ఆ పని మఱియొక విధమున 1962లో నారంభమయ్యెను. ఆ యేఁట ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదములతో మాండలికవృత్తిపదకోశమును బ్రకటించిరి. 1971లోఁ జేనేతపదములసంపుటము వచ్చినది. కృషీవలుని, నేఁతకాని నడిగి వ్రాసిన పుస్తకము లవి. భాష్యమునందలి సూతున కంతకాలమునకు న్యాయము జరిగినది.

ఒడ్డుమాటలు ఊరూరికిని మాఱును గనుక కోశమున కెక్కింపఁదగవని కొంద ఱాక్షేపింతురు. శ్రీకాకుళపు జాలరి మాట నెల్లూరి పట్టపువానికిఁ దెలియకపోవచ్చును, నిజమే. పాణిని ప్రాచ్యుల మతమును, ఉదీచ్యుల మతమును వేఱువేఱుగాఁ బేర్కొనెను. అంతియకాదు, విపాశానదికి నుత్తరపుటొడ్డున నున్న బావుల పేళ్లయందలి స్వరభేదమునకై యొక ప్రత్యేకసూత్రమును రచించెను. బావులవఱకుఁ బోయి చెవియొగ్గినవాని శాస్త్రమును జదివిన మనము, సముద్రము ప్రక్కనే యుండియు భేదములకు జడియుట వింత.

నష్టము తీరవాసికిని సోఁకుచున్నదని పైన నంటిని. అది యుప్పెన విషయమున స్పష్టము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీబందరుపై సముద్రము లేచి సుమారు ముప్పదివేలమందిని బొరిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమపై నైదాఱు మీటర్ల యెత్తున నీరు వచ్చినది. చనిపోయినవారు పదివేలకుఁ దక్కువ కాదు. రెండు మాఱులును గాలి వీచినది, రెండు మాఱులును బ్రధానముగాఁ జంపినది నీరు. వాయుగుండము, తుపాను, తీవ్రతుపాను అను విభాగము గాలివేగమును బట్టినది. రేవులలో నెగురవేయు ఒకటి మొదలు పదునొకండవ నంబరు ప్రమాదసూచికలును ప్రధానముగా నోడలకై యేర్పడినవి. “స్టార్మ్ సర్జ్” అను నింగ్లీషుమాటను “తుపాను అలలు” అని తెనిఁగించువారు కలరు. అల వేఱు, ఉప్పెన వేఱు. అల వచ్చి వెనుకకుఁ బోవును. ఉప్పెన సముద్రపు మట్టమే లేచుట. గాలి లోఁతులేని తీరముమీఁదికి నీటిని దోయఁగా, దోయఁబడిన నీరు పోవుటకుఁ జోటులేక నేలపై నెక్కును. అలలు దానిమీఁద వేఱుగా వచ్చును. పోటువేళ నది వచ్చినచో రెండును గూడి మఱింత యెత్తగును. అలలు వచ్చునని విన్నవాఁడు ఒడ్డునుండి నాలుగడుగులు వెనుకకు జరుగును. ఉప్పెన వచ్చునని విన్నవాఁ డూరు విడుచును. ముసలివారు కథలుగాఁ జెప్పిన మాటలోని భయము వానిని లేపి నడిపించును. హెచ్చరిక ఫలించుట కనువాదపుమాట చాలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను గొట్టినపుడు జనులను ముందుగాఁ దరలించుటచే మృతులు నూఱుమందికి లోఁబడిరి. వారి నిండ్లు విడిపించినవి యధికారుల శ్రమయు, వారికిఁ దెలిసిన మాటలును.

ఉప్పాడయొద్ద సముద్రము పెక్కేండ్లుగా నేలను దినుచున్నది. రాళ్లు వేసిరి, ఇసుక నింపిన పెద్ద గుడ్డగొట్టములు వేసిరి, అయినను నిలువలేదు. దీనిని “కోఁత” యందురు. కృషీవలునికిఁ బంటకోఁత, ఉప్పాడవానికి ఊరికోఁత. సముద్రమట్టము పెరుగుచున్న యీ కాలమున నీ యర్థ మింకను వ్యాపించును. మన కోశములలోఁ గోఁతకు నీ యర్థము చేరవలసియున్నది.

తీరగ్రామములలోఁ బాఠములు చెప్పు పండితులు మాటను వినినంతనే దాని కాలమును, కారణమును, పలికినవాని యూరిని గూడ వ్రాసికొనవలయును. అట్లు వ్రాసిన యెడల నర్థములు ఇట్లుండును. పులస: వానకాలమున సముద్రమునుండి గోదావరిలోని కెదురీఁది వచ్చిన విలసచేఁప, సముద్రముననున్నపు డీ పేరు చెల్లదు. ఉక్క: గాలిలోని చెమ్మచేఁ జెమట యాఱకుండుటవలని తాపము; ఎండ లేనప్పుడును, రాత్రియందును గలుగును. ఉప్పెన: తుపానుగాలిచేఁ దోయఁబడి సముద్రపుమట్టము లేచి నేలమీఁదికి వచ్చుట, అల కాదు, పోటువేళ వచ్చినచో మిక్కిలి యెత్తగును, గుడిసె నిలువదు.